జవాబు తప్పొచ్చింది సరే, తప్పు ఎక్కడ జరిగింది? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్తే. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. ఏఎక్స్² + బీఎక్స్ + సీ = 0 లో ఎక్స్ ఎంతో చెప్పే క్వాడ్రాటిక్ ఫార్ములా మీ అందరికీ వచ్చు, అది నేర్పడానికి నేను రాలేదు. మైనస్ బీ ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఆఫ్ బీ స్క్వేర్ మైనస్ నాలుగు ఏసీ, మొత్తం బై రెండు ఏ, నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. అయినా లెక్క చేస్తే జవాబు తప్పొస్తుంది, పుస్తకం చివర ఇచ్చినదాంతో కలవదు. అప్పుడేం చేస్తాం, చేసిందంతా అడ్డంగా కొట్టేసి మళ్లీ మొదట్నుంచి మొదలుపెడతాం. రెండోసారి కూడా చెయ్యి అదే చోట అదే తప్పు చేస్తుంది, ఎందుకంటే ఆ తప్పు మన కంటికి ఒప్పులాగే కనిపిస్తోంది కాబట్టి. ఇవాళ నేను చెప్పబోయేది ఏంటంటే, కొట్టెయ్యకండి. ఆ తప్పు జవాబు చాలా పనికొస్తుంది, ఏ స్టెప్‌లో పొరపాటు జరిగిందో చాలాసార్లు అదే చెప్పేస్తుంది, మనం సరిగ్గా అడిగితే.

అడగాల్సినవి రెండు. మీకొచ్చిన రెండు రూట్స్, అంటే ఎక్స్‌కి వచ్చిన రెండు విలువలు, కూడితే ఎంత, గుణిస్తే ఎంత. కూడితే మైనస్ బీ బై ఏ రావాలి, గుణిస్తే సీ బై ఏ రావాలి. ఇది మీకు తెలిసిందే, 16వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో వియెత్ అనే ఆయన పేరు మీద చెప్తారు దీన్ని, ఆయన వృత్తి లాయరు, లెక్కలు తీరిక వేళల్లో చేసుకునేవాడు, మనలో చాలామంది ఫుల్ టైమ్ చేసి కూడా అంత చెయ్యలేం అనుకోండి. (నవ్వులు) సాధారణంగా ఈ మొత్తం, లబ్ధం చూసేది జవాబు కరెక్టా కాదా అని. కరెక్ట్ అయితే టిక్, కాకపోతే ఇంటూ, అంతటితో ఆపేస్తాం. అసలు మజా ఆ ఇంటూ పడిన తర్వాతే ఉంది.

ఫార్ములాని ఒకసారి చూడండి. ఒక రూట్‌లో ప్లస్ స్క్వేర్ రూట్ ఉంటుంది, ఇంకోదాంట్లో మైనస్ స్క్వేర్ రూట్. రెండూ కూడగానే ఆ స్క్వేర్ రూట్ భాగం కొట్టుకుపోతుంది. అంటే స్క్వేర్ రూట్ గుర్తు లోపల మీరు ఎంత ఘోరం చేసినా మొత్తం మాత్రం చెక్కుచెదరదు. ఇది తిరగేసి చదవండి: మొత్తం తప్పొచ్చిందంటే తప్పు రూట్ గుర్తు బయట జరిగింది, మైనస్ బీ దగ్గరో కింద భాగించేటప్పుడో. మొత్తం సరిగ్గా వచ్చి లబ్ధం మాత్రం తప్పొచ్చిందంటే బయట అంతా శుభ్రంగా ఉంది, తప్పు రూట్ గుర్తు లోపల ఉంది, అంటే విచక్షణి (బీ² − 4ఏసీ) దగ్గర. ఒక్క కూడికతో సగం పేజీ వెతికే పని తగ్గిపోయింది.

బోర్డు మీద ఒకటే సమీకరణం రాస్తున్నా, ఇవాళంతా దాదాపు దీంతోనే గడిపేద్దాం.

3ఎక్స్² − 5ఎక్స్ − 2 = 0

ఏ 3, బీ −5, సీ −2. విచక్షణి 25 + 24 = 49, రూట్ 7. ఎక్స్ విలువ (5 ± 7)/6, అంటే 2, −1/3. మొత్తం 5/3, లబ్ధం −2/3. ఈ రెండూ గుర్తుంచుకోండి, 5/3, −2/3.

ఇప్పుడు ఒకరికి 1/3, −2 వచ్చాయనుకుందాం. మొత్తం −5/3. లబ్ధం −2/3. లబ్ధం సరిగ్గా ఉంది, మొత్తానికి గుర్తు మాత్రం మారింది. ఏం జరిగిందో చెప్పండి... ఆ, అదే, బీ మైనస్ అయిదు కదా, మైనస్ బీ అంటే ప్లస్ అయిదు, కానీ కళ్లకి మైనస్ ముందే కనిపిస్తోంది కాబట్టి ఆ మైనస్సే ఫార్ములాలో మైనస్ అనుకుని −5 అని రాసేశారు. ఈ తప్పు చేసిన ప్రతిసారీ రెండు రూట్స్ గుర్తులూ తిరగబడతాయి, అంకెలు మాత్రం అచ్చం అవే ఉంటాయి. అందుకే లబ్ధం మారదు.

ఇంకొకరికి 1, 2/3 వచ్చాయి. చాలా నీట్‌గా ఉన్నాయి కదా, అనుమానమే రాదు. మొత్తం 5/3, కరెక్ట్. లబ్ధం 2/3, గుర్తు తిరగబడింది. మొత్తం బాగుంది కాబట్టి తప్పు రూట్ లోపల. అక్కడ సీ గుర్తు పోయింది, మైనస్ నాలుగు ఇంటూ మూడు ఇంటూ మైనస్ రెండు ప్లస్ ఇరవైనాలుగు అవ్వాలి, వాళ్లు మైనస్ ఇరవైనాలుగు చేశారు, 25 లోంచి 24 పోతే 1, రూట్ ఒకటి. ఇది నాకు అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు అనిపిస్తుంది, ఎందుకంటే జనం సాధారణంగా ఏమనుకుంటారంటే రూట్ కింద పర్ఫెక్ట్ స్క్వేర్ వస్తే లెక్క సరిగ్గా నడుస్తున్నట్టే అని, అదొక శకునం లాగా. ఇక్కడ సరైన దారిలో 49 వచ్చింది, తప్పు దారిలో 1 వచ్చింది, రెండూ పర్ఫెక్ట్ స్క్వేర్లే. శకునాలు నమ్మకండి.

నాలుగు మర్చిపోతే? బీ స్క్వేర్ మైనస్ ఏసీ అని చేస్తే 25 + 6 = 31, రూట్ 31 తో ఏదో వికారమైన జవాబు వస్తుంది, (5 ± √31)/6. మొత్తం 5/3, కరెక్ట్. లబ్ధం (25 − 31)/36, అంటే −1/6. రావాల్సింది −2/3. సరిగ్గా నాలుగో వంతు వచ్చింది చూశారా. ఏ సమీకరణం తీసుకున్నా ఇంతే, నాలుగు మర్చిపోతే లబ్ధం నాలుగో వంతు అవుతుంది, నాలుగుకి బదులు రెండు రాస్తే సగం అవుతుంది. తప్పు తన సంతకం పెట్టి మరీ వెళ్తుంది.

ఇక కింద భాగించే చోట. ఇక్కడ రకరకాలుగా చేస్తారు జనం. రెండు ఏకి బదులు ఉత్తి రెండుతో భాగిస్తే 6, −1 వస్తాయి, మొత్తం 5, అంటే రావాల్సిన 5/3 కి మూడు రెట్లు, మూడు అంటే మన ఏ. రెండు మర్చిపోయి ఏతోనే భాగిస్తే 4, −2/3 వస్తాయి, మొత్తం 10/3, రెండు రెట్లు. కొంతమంది గీత చిన్నగా గీస్తారు, స్క్వేర్ రూట్ కింద మాత్రమే, అంటే 5 ± 7/6 అవుతుంది, 37/6, 23/6 వస్తాయి, మొత్తం 10, ఆరు రెట్లు, ఆరు అంటే రెండు ఏ. కాలిక్యులేటర్‌లో బ్రాకెట్ పెట్టకుండా పన్నెండు బై రెండు ఇంటూ మూడు అని కొట్టేవాళ్లు ఇంకో రకం, అది ముందు రెండుతో భాగించి తర్వాత మూడుతో గుణిస్తుంది, 18, −3 వస్తాయి, మొత్తం 15, తొమ్మిది రెట్లు, ఏ స్క్వేర్. అంటే మొత్తం ఎన్ని రెట్లు ఎక్కువొచ్చిందో చూస్తే చాలు, కింద ఏం మింగేశారో తెలిసిపోతుంది.

(సభలోంచి: సార్, మొత్తం లబ్ధం రెండూ తప్పయితే?)

మంచి ప్రశ్న నాన్నా. ఇప్పుడు చెప్పినవాటిలో కింద భాగించే తప్పులకి రెండూ తప్పే వస్తాయి, అందుకే ఎప్పుడూ మొత్తం ముందు చూడాలి. మొత్తం చెడితే ముందు అది బాగుచెయ్యి, అప్పుడు లబ్ధం చూడు. లబ్ధం కూడా దారికొస్తే ఒకటే తప్పు, రాకపోతే లోపల ఇంకోటి ఉంది. ఆర్డర్ ముఖ్యం.

ఆ భాగహారం గీత ఎందుకు పైనున్నదంతటి కిందా ఉండాలి అనేది చాలామందికి బట్టీయే తప్ప తెలీదు, తెలిస్తే ఆ తప్పు అసలు చెయ్యరు. దీనికి మన పాతకాలం గణితవేత్త శ్రీధరాచార్యుల పద్ధతి చూడండి. ఆయన రాసిన బీజగణిత గ్రంథం మనకి దొరకలేదు, 1150లో భాస్కరాచార్యులు తన బీజగణితంలో ఆయన సూత్రాన్ని పేర్కొన్నాడు కాబట్టి మనకి మిగిలింది. శ్రీధరుడు ఏమంటాడంటే, రెండు వైపులా వర్గం గుణకానికి, అంటే ఏకి, నాలుగు రెట్లతో గుణించు, తర్వాత అవ్యక్తం (ఎక్స్) గుణకం, అంటే బీ, వర్గాన్ని రెండు వైపులా కలుపు, అప్పుడు వర్గమూలం తియ్యి. సీని ముందే కుడివైపుకి పంపి ఇది చేసి చూస్తే ఎడమవైపు (2ఏఎక్స్ + బీ)² అవుతుంది, కుడివైపు బీ² − 4ఏసీ. ఎక్కడా భిన్నాల గోల లేదు, మన పుస్తకాల్లో ఏతో భాగించి సగాలు పావులు చేసుకుంటూ పోయే పద్ధతి కంటే ఇదే నాకు నచ్చుతుంది. ఇప్పుడు చూడండి, 2ఏఎక్స్ + బీ = ± రూట్ డీ, డీ అంటే విచక్షణి. బీని ముందు అటు పంపాలి, ఆ తర్వాతే రెండు ఏతో భాగించాలి, అంటే అప్పటికే కుడివైపుకి వచ్చేసిన మైనస్ బీ కూడా ఆ భాగహారంలో పడాల్సిందే.

దీంట్లో ఇంకో లాభం, చెకింగ్ చాలా తేలిక. మీ రూట్‌ని 2ఏఎక్స్ + బీలో పెట్టండి, ప్లస్ రూట్ డీ గానీ మైనస్ రూట్ డీ గానీ రావాలి. మన సమీకరణంలో 6ఎక్స్ − 5. రెండు పెడితే 7. మైనస్ మూడో వంతు పెడితే −7. అయిపోయింది. 37/6 పెడితే 32 వస్తుంది, ఏడెక్కడ ముప్ఫైరెండెక్కడ. కాకపోతే విచక్షణే తప్పు కట్టి ఉంటే ఇది పట్టుకోలేదు, దానికి లబ్ధమే గతి.

ఇప్పుడు అసలు ముదురు తప్పు దగ్గరికి వద్దాం. ఇప్పటిదాకా చెప్పిన పరీక్షలన్నీ మీరు రాసుకున్న ఏ, బీ, సీలతో చేసేవి. ఆ ఏ, బీ, సీలే తప్పయితే? ఇదే సమీకరణాన్ని 3ఎక్స్² = 5ఎక్స్ + 2 అని ఇచ్చారనుకోండి. తొందరలో ఏ 3, బీ 5, సీ 2 అని తీసుకుంటే విచక్షణి 25 − 24 = 1, రూట్స్ −2/3, −1. మొత్తం −5/3, మైనస్ బీ బై ఏ ఎంత, −5/3, బ్రహ్మాండం. లబ్ధం 2/3, సీ బై ఏ ఎంత, 2/3, ఇంకా బ్రహ్మాండం. అన్ని పరీక్షలూ పాస్, జవాబు మాత్రం శుద్ధ తప్పు. −1 ని ఇచ్చిన సమీకరణంలో పెట్టి చూడండి, ఎడమవైపు 3, కుడివైపు −3. అందుకే ఒక్కసారైనా ప్రశ్న పేపర్‌లో అచ్చయిన సమీకరణంలోకి వెళ్లి పెట్టి చూడాలి, మీరు సర్ది రాసుకున్న దాంట్లో కాదు, మీరు సర్దినప్పుడే తప్పు జరిగి ఉంటే అది మీ పక్షానే సాక్ష్యం చెబుతుంది కదా.

పెట్టి చూసేటప్పుడు రెండు రూట్సూ పెట్టాలి, ఒకటి చాలదు. ఎందుకో చూడండి. ఇదే సమీకరణాన్ని ఎక్స్(3ఎక్స్ − 5) = 2 అని ఇస్తే, కుడివైపు సున్నా ఉన్నప్పుడు చేసే పని ఇక్కడ చేసేస్తారు కొందరు, ఎక్స్ = 2 లేదా 3ఎక్స్ − 5 = 2 అని. 2, 7/3 వస్తాయి. 2 పెట్టి చూస్తే 2 ఇంటూ 1 = 2, సరిపోయింది! అక్కడితో ఆపేసి సంతోషంగా వెళ్లిపోతారు. 7/3 పెడితే 14/3 వస్తుంది, రెండు కాదు. ఆ మొదటి రెండు ఏదో అదృష్టం కొద్దీ కుదిరింది, పద్ధతి మాత్రం పూర్తిగా తప్పు. పరీక్షలో ఇలాంటి వాటికి మార్కులు ఎలా వెయ్యాలో అని టీచర్లు తలలు పట్టుకుంటారు.

ఎక్స్² = 5ఎక్స్ లాంటిదాన్ని రెండు వైపులా ఎక్స్‌తో కొట్టేసి 5 ఒక్కటే రాయడం గురించి ఎక్కువ చెప్పను, సున్నా పోయింది, అంతే. డిగ్రీ రెండు ఉండి జవాబు ఒకటే వస్తే, విచక్షణి సున్నా కాకుండా, ఎక్కడో ఒకదాన్ని పారేసుకున్నారు.

సింప్లిఫై చేసేటప్పుడు జరిగేవి వేరే ఉన్నాయి. ఎక్స్² − 6ఎక్స్ + 4 = 0 తీసుకోండి. విచక్షణి 20, కాబట్టి (6 ± 2√5)/2. దీన్ని కొట్టేసేటప్పుడు ఆరుని మాత్రం రెండుతో కొట్టేసి 3 ± 2√5 అంటారు, లేదా రెండు రెండు కొట్టేసి 6 ± √5 అంటారు. రెండూ తప్పే, రావాల్సింది 3 ± √5. మళ్లీ అదే పరీక్ష పెట్టండి. 3 ± 2√5 కి మొత్తం 6, సరే, లబ్ధం 9 − 20 = −11, నాలుగు రావాలి, అంటే స్క్వేర్ రూట్ ముక్కలో తప్పు. √20 ని 4√5 అని రాసినా ఇదే జవాబు వస్తుంది, ఆ స్టెప్ కూడా చూసుకోండి. 6 ± √5 కి మొత్తం 12, అంటే బయట ఉన్న అంకెకి భాగం పడలేదు. దశాంశాల్లో చూసుకున్నా తెలుస్తుంది, 5.236, 0.764 గుణిస్తే నాలుగుకి వెంట్రుక వాసి తేడాలో వస్తుంది.

మెషిన్ల గురించి కాస్త. చాలా సైంటిఫిక్ కాలిక్యులేటర్లలో −5² అని బ్రాకెట్ లేకుండా కొడితే −25 వస్తుంది, అది ముందు అయిదుని స్క్వేర్ చేసి తర్వాత మైనస్ పెడుతుంది. పైథాన్‌లో రాసినా అంతే. ఎక్సెల్‌లో కొడితే మాత్రం 25 వస్తుంది. ఎవరిది ఒప్పు అని తగువు పెట్టుకోకుండా బ్రాకెట్ పెట్టేస్తే సరి. మన సమీకరణంలో −25 + 24 = −1 అయిపోయి, రూట్ కింద నెగెటివ్, రియల్ రూట్స్ లేవు అని రాసేస్తారు. ఇక్కడ అంకె వెయ్యకుండానే పట్టుకోవచ్చు: ఏకి సీకి గుర్తులు వేరైతే −4ఏసీ ఎప్పుడూ పాజిటివ్, బీ స్క్వేర్ ఎప్పుడూ నెగెటివ్ కాదు, కాబట్టి రియల్ రూట్స్ ఉండి తీరాలి, అందులోనూ ఒకటి పాజిటివ్, ఒకటి నెగెటివ్. లెక్క మొదలుపెట్టక ముందే ఇది చూసి పెట్టుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి.

ఇంకోటి, మన తప్పు ఏమీ లేకుండానే వచ్చే తప్పు. ఎక్స్² − 1000000ఎక్స్ + 1 = 0. లోపల పది అంకెలే పట్టుకునే మెషిన్ అయితే, పదిలక్షల వర్గంలోంచి నాలుగు తీసేస్తే దానికి తెలీనే తెలీదు, రూట్ మళ్లీ పదిలక్షలే అంటుంది. పెద్ద రూట్ పదిలక్షలు, బాగానే ఉంది, చిన్న రూట్ పదిలక్షల్లోంచి పదిలక్షలు తీసేస్తే సున్నా. లబ్ధం ఒకటి రావాలి, సున్నా వచ్చింది, సున్నా రూట్ అయితే సమీకరణంలో పెడితే 1 = 0 అవుతుంది. కంప్యూటర్లలో ఇంకా ఎక్కువ అంకెలు పడతాయి కాబట్టి పదిలక్షల దగ్గర ఇంత ఘోరంగా జరగదు, కానీ అక్కడ వందకోట్లు పెడితే కంప్యూటర్లు మామూలుగా వాడే డబుల్ ప్రెసిషన్‌లో (సుమారు పదహారు అంకెలు) కూడా చిన్న రూట్ సున్నా అయిపోతుంది. ఫార్ములా తప్పు కాదు, దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యల్ని తీసివెయ్యడమే తప్పు. దీనికి మందు ఏంటంటే తీసివేత లేని రూట్‌ని ముందు కట్టండి, రెండోదాన్ని లబ్ధం నుంచి తియ్యండి, సీ బై (ఏ ఇంటూ మొదటి రూట్). 1/1000000, వచ్చేసింది. చూడండి, తప్పు పట్టుకోవడానికి వాడుకున్న లబ్ధమే ఇక్కడ జవాబు కట్టడానికి పనికొచ్చింది.

జవాబు సమీకరణానికి సరిపోయి లెక్కకి సరిపోకపోవడం కూడా ఉంటుంది, దీనికి భాస్కరాచార్యుల కోతుల లెక్క కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. ఒక కోతుల గుంపులో అయిదో వంతులోంచి మూడు తీసేసి, దాని వర్గం ఎంతో అన్ని కోతులు గుహలోకి వెళ్లాయి, ఒక్క కోతి కొమ్మ మీద కనిపిస్తోంది, మొత్తం ఎన్ని? సర్దితే ఎక్స్² − 55ఎక్స్ + 250 = 0. విచక్షణి 3025 − 1000 = 2025, రూట్ 45, జవాబులు 50, 5. మొత్తం 55, లబ్ధం 250, ఏ లోపం లేదు. 50 అయితే అయిదో వంతు పది, మూడు తీస్తే ఏడు, నలభైతొమ్మిది గుహలో ఒకటి కొమ్మ మీద. 5 అయితే అయిదో వంతు ఒకటి, ఒకటిలోంచి మూడు తీస్తే మైనస్ రెండు, వర్గం నాలుగు, నాలుగూ ఒకటీ అయిదు, సమీకరణం ఒప్పుకుంటుంది. కానీ ఒక్క కోతిలోంచి మూడు కోతుల్ని ఎలా తీస్తాం? అందుకే భాస్కరుడు ఆ అయిదుని వద్దన్నాడు, లోకం దాన్ని ఒప్పుకోదు అని. రూట్ గుర్తున్న సమీకరణాన్ని స్క్వేర్ చేసినప్పుడు వచ్చే దొంగ రూట్ సంగతి ఇంకా తేలిక, ఎక్స్ = √(ఎక్స్ + 6) ని స్క్వేర్ చేస్తే 3, −2 వస్తాయి, −2 ని మొదటిదాంట్లో పెడితే −2 = 2, కుదరదు, తీసెయ్యండి.

(సభలోంచి: సార్, రెండు వేర్వేరు తప్పులకి ఒకే జవాబు రావచ్చు కదా?)

వస్తుందమ్మా, ఖచ్చితంగా వస్తుంది. మన సమీకరణాన్నే −3ఎక్స్² + 5ఎక్స్ + 2 = 0 అని ఇచ్చారనుకో. కింద మైనస్ ఆరు ఉండాలి. ఆ మైనస్ మర్చిపోయి ఆరు రాస్తే 1/3, −2 వస్తాయి, ఇందాక మైనస్ బీ తప్పు చేసినప్పుడు వచ్చినవే. మొత్తం గుర్తు తిరగబడింది అని తెలుస్తుంది, పైన తిరగబడిందా కింద తిరగబడిందా అనేది జవాబు చూసి చెప్పలేం, పేజీ చూడాల్సిందే. ఇంకా తమాషా ఏంటంటే రెండు తప్పులూ ఒకేసారి చేస్తే, పైనా కిందా, సరైన జవాబే వచ్చేస్తుంది. (నవ్వులు) కాబట్టి ఏ నెగెటివ్‌గా ఉంటే ముందు సమీకరణం అంతటినీ మైనస్ ఒకటితో గుణించి పడేయండి.

టైమ్ అయిపోయిందంటున్నారు. ఒక లెక్క ఇచ్చి దిగిపోతా. 2ఎక్స్² + 3ఎక్స్ − 5 = 0. ముగ్గురు చేశారు, ఒకరికి 2, −5 వచ్చాయి, ఒకరికి −1, 5/2 వచ్చాయి, ఇంకొకరు రియల్ రూట్స్ లేవన్నారు. మీరు ఆ సమీకరణాన్ని సాల్వ్ చెయ్యొద్దు, మొత్తం లబ్ధం మాత్రం చూసి ముగ్గురూ ఎక్కడ తప్పారో రాయండి. మూడో ఆయనకి కూడటానికి గుణించడానికి అంకెలే లేవు కదా అని అడగొద్దు, ఏ, సీ గుర్తులు చూడండి.